గడ్డికి అగ్గి పెట్టి నేలకు బెల్లం పోస్తున్నాం

వానాకాలం వరి కోసిన వారం పదిరోజులకు పరకాల నుంచి హన్మకొండకు వచ్చినా, నర్సంపేట నుంచి వరంగల్‌కు వచ్చినా సాయంత్రం పూట రోడ్డుకు రెండు పక్కలా పొగే. హార్వెస్టర్ వదిలిపోయిన గడ్డి వరుసలకు అగ్గి పెడుతుంటారు. సంక్రాంతి దాటాక అదే పొగ పత్తి చేన్ల మీద లేస్తుంది. నెల తిరిగేసరికి చాలాచోట్ల అదే పొలం ఒడ్డు మీద నీలం డ్రమ్ము కనబడుతుంది. అందులో 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పెండ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు ఒడ్డు మట్టి. జీవామృతం, ఎకరానికి ఒక డ్రమ్ము. నేలలో సూక్ష్మజీవులు పెరగాలని.

ఈ రెండు పనులూ ఒకే పొలంలో జరగడం మీదే నా అభ్యంతరం. సూక్ష్మజీవి బతకాలంటే దానికి తిండి కావాలి. ఎంత తిండి కాలుస్తున్నామో, ఎంత తిండి పోస్తున్నామో ఒకసారి లెక్క వేద్దాం.

ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి కూడా ఇంచుమించు అంతే వస్తుంది, అంటే 2,500 కిలోలు. కిలో ఎండుగడ్డిలో సుమారు 3,500 కిలోకేలరీల శక్తి ఉంటుంది. మొత్తం 87 లక్షల కిలోకేలరీల పైమాట. లీటరు డీజిల్‌లో ఉండేది 8,500 దాకా. అంటే ఎకరం గడ్డిలో దాదాపు వెయ్యి లీటర్ల డీజిల్‌కు సరిపడా శక్తి ఉంది. మరి 2 కిలోల బెల్లంలో? 7,600 కిలోకేలరీలు. లీటరు డీజిల్‌కు కూడా తూగదు. పప్పుపిండి, పెండ కలిపి లెక్క వేసినా డ్రమ్ము మొత్తం మూడు లీటర్లకు మించదు. గడ్డి అంతా తినడానికి వీలైనది కాదు, కొంత చాలా గట్టిది, నిజమే. సగమే పనికొస్తుందనుకున్నా అయిదు వందల లీటర్లు ఒక పక్క, మూడు లీటర్లు ఇంకో పక్క.

జీవామృతం వద్దని కాదు ఈ మాట. గడ్డి ఉన్న నేల మీద పోస్తే అది తోడు వేసినట్టు పనిచేస్తుంది. పాలు పారబోసి తోడు వేస్తే పెరుగు ఎక్కడి నుంచి వస్తుంది?

కుళ్ళడం అంటే తినడం

కుళ్ళింది అంటే మన వాడుకలో పాడైపోయిందనే అర్థం. దానంతటదే పాడవుతుందని అనుకుంటాం. ఏదీ దానంతటది కుళ్ళదు. ఎవరో తింటేనే కుళ్ళుతుంది. తినే వీలు లేకుంటే ఎన్నేళ్లయినా అట్లాగే ఉంటుంది. కొట్టం పక్కన గడ్డివామును చూస్తే తెలుస్తుంది. వానకు తడిసిన పైపొర నల్లబడి మెత్తబడుతుంది, చెయ్యి లోపలికి పెట్టి లాగితే రెండేళ్ల గడ్డి కూడా పసుపుపచ్చగా గలగలలాడుతుంది. లోపల నీళ్లు లేవు, అందుకని తినేవాళ్లు లేరు. ఇంకా పెద్ద ఉదాహరణ భూపాలపల్లి, రామగుండం, మందమర్రి కింద ఉంది. 25 కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో గోదావరి లోయలోని చిత్తడి నేలల్లో గ్లోసాప్టెరిస్ లాంటి చెట్లు పడిపోయి, నీటి అడుగున ఆక్సిజన్ అందక, తినేవాళ్లు తినలేక మిగిలిపోయాయి. సింగరేణి బొగ్గుగా తవ్వి తీస్తున్నది ఆ మిగిలిపోయిన తిండినే.

చెట్టు తన తిండి తను ఎండతో వండుకుంటుంది. మిగతా మనమందరం, మనిషి, బర్రె, చెద, బూజు, ఎవరమైనా అది వండినదాన్ని తినాల్సిందే. బతికున్నదాన్ని తినేవి కొన్ని, చచ్చినదాన్ని తినేవి కొన్ని. ఈ రెండోవాటి మీదే నేల నడుస్తుంది.

ఒక్క గడ్డిపరకను దగ్గర పెట్టి చూడండి. పైన మైనం పొర. దాని కింద సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరిగడ్డి బరువులో పదో వంతు దాకా అదే ఉంటుంది. గడ్డి మోసినవాళ్ల చేతులు గీసుకుపోయేది అందుకే, నీటి చుక్క పరక మీద నిలవకుండా జారేది మైనం వల్ల. ఆ పొరను దాటి బ్యాక్టీరియా లోపలికి పోవడం చాలా కష్టం. వాటికి దారి కోసిన కొన దగ్గర, విరిగిన కణుపు దగ్గర, ట్రాక్టర్ టైరు నలిపిన చోట. తడి తగిలిన మొదటి రెండు మూడు రోజులు ఆ కొన దగ్గర కరిగే చక్కెరలు, కాస్తో కూస్తో ఉన్న పిండి పదార్థం అయిపోతాయి. ఇది తేలిక తిండి, దీనికి ఎగబడేవి చాలా ఉంటాయి. నాలుగైదు రోజులకు అదే కొన నుంచి తెల్లటి నూగు కనిపిస్తుంది. అది శిలీంధ్రం. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో రెండు వందలవ వంతు ఉంటుందేమో. దానికి నోరు లేదు, కడుపు లేదు. పోగు కొనను గడ్డి గోడకు ఆనించి ఎంజైమ్‌లను బయటికి వదులుతుంది. అన్నం మింగాక మన కడుపులో జరిగే పని దానికి ఒంటి బయటే జరుగుతుంది.

గడ్డిలోని సెల్యులోజ్ అంటే వేల గ్లూకోజ్ పూసల దండ. అన్నంలోని పిండి కూడా గ్లూకోజ్ దండే. పూసకు పూసకు ముడి వేసిన తీరు వేరు, అంతే. మన ఎంజైమ్‌కు అన్నం ముడి విప్పడం వచ్చు, గడ్డి ముడి విప్పడం రాదు. అందుకే మనకు గడ్డి ఆకలి తీర్చదు. శిలీంధ్రానికి ఆ ముడి విప్పడం వచ్చు. విడిపోయిన గ్లూకోజ్ చుట్టూ ఉన్న తడిలో కరుగుతుంది, పోగు దాన్ని పీల్చుకుంటుంది. కొంత పక్కనున్న బ్యాక్టీరియా ఎత్తుకుపోతాయి.

ఇదంతా ఒక పలుచటి నీటి పొరలో జరుగుతుంది. నీళ్లు లేకుంటే ఎంజైమ్ కదలదు, విడిపోయిన చక్కెర పోగు దాకా చేరదు. మార్చిలో పెళపెళలాడే పత్తి కట్టె మీద డీకంపోజర్, అంటే కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల సీసా ద్రావణం కొట్టి, కుళ్ళలేదని తిట్టుకోవడం వృథా. సీసాలో ఉన్నది తినేవాళ్లు మాత్రమే. నీళ్లు, నత్రజని, గాలి మనం ఇవ్వాలి.

గాలి సంగతి విడిగా చెప్పాలి. ఒక గ్లూకోజ్ అణువును ఆక్సిజన్‌తో పూర్తిగా వాడుకుంటే కణానికి దాదాపు 30 ఏటీపీలు దక్కుతాయి. ఏటీపీ అంటే కణం రోజువారీ ఖర్చుకు వాడుకునే చిల్లర అనుకోండి. ఆక్సిజన్ లేకుండా పులియబెట్టి వాడుకుంటే దక్కేది 2. మిగతా శక్తి ఎటూ పోదు, తినలేక వదిలేసిన పదార్థంలోనే ఉంటుంది. గోబర్ గ్యాస్ పొయ్యి మీద వెలిగే నీలిమంట అదే. గ్లూకోజ్‌లోని శక్తిలో 90 శాతానికి పైగా ఆ గ్యాస్‌లోని మీథేన్‌లో మిగిలిపోతుంది, దాన్ని మనం పొయ్యిలో వాడుకుంటాం. పెండ ట్యాంకులో మనకు మేలు చేసే ఈ సంగతే వరి మడిలో కీడు చేస్తుంది. అక్కడికి వస్తాను.

ఎద్దు గడ్డి తినదు

ఎద్దు గడ్డిని నములుతుంది, మింగుతుంది, నెమరేస్తుంది. దాన్ని జీర్ణం చేసేది దాని పెద్ద కడుపులో ఉన్న బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు. వంద లీటర్లకు పైగా పట్టే ఆ సంచి 39 డిగ్రీల వేడితో, గాలి లేకుండా, ఎప్పుడూ కలియబెట్టినట్టు ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ ఉండదు కాబట్టి సూక్ష్మజీవులు గ్లూకోజ్‌ను పూర్తిగా వాడుకోలేక చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలుగా వదిలేస్తాయి. ఆ వదిలినదే ఎద్దు రక్తంలోకి పోతుంది. దానికి కావలసిన శక్తిలో 70 శాతం దాకా అట్లా వచ్చేదే. ఆ తర్వాత కడుపులోంచి కిందికి జారిన సూక్ష్మజీవులనే అరిగించుకుంటుంది, మాంసకృత్తులు అక్కడి నుంచి వస్తాయి.

పెండ్లిలో మిగిలిన బువ్వను తెచ్చి బర్రె ముందు పోసినప్పుడు తెల్లారేసరికి అది లేవలేకపోవడం మన ఊళ్లలో కొత్త కాదు. విషం తిన్నదనుకుంటారు. జరిగేది వేరు. అన్నం తేలిక తిండి. దాన్ని తినే బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. కడుపులో పులుపు పెరుగుతుంది, గడ్డి తినే బ్యాక్టీరియా చస్తాయి, ఒంట్లో నీరంతా కడుపులోకి లాగుకుపోతుంది. కుడితిలో ఒక దోసిలి అన్నం వేరు, గంప అన్నం వేరు. అట్లా జరిగితే పశువైద్యుడిని పిలవడం తప్ప గంటలు వృథా చేయొద్దు.

ఉత్త వరిగడ్డితో బర్రె చిక్కిపోవడానికి కారణం మరొకటి. గడ్డిలో శక్తి ఉంది, నత్రజని లేదు. కడుపులోని సూక్ష్మజీవులు తమ ఒంటిని కట్టుకోలేవు. దీనికి తెలిసిన ఉపాయం యూరియా గడ్డి. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, పాలిథిన్ పట్టాతో గాలి చొరకుండా కప్పి 21 రోజులు మాగబెట్టాలి. యూరియా అమ్మోనియాగా మారి గడ్డి గోడలను ఉబ్బిస్తుంది, ఎంజైమ్‌కు సందు దొరుకుతుంది, నత్రజని కూడా చేరుతుంది. తినిపించే ముందు గంటసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు, వాటి కడుపులో ఇంకా ఆ బలగం తయారు కాదు. కరగని యూరియా గడ్డలు మిగిలితే పశువు చచ్చిపోతుంది, కాబట్టి కలిపేటప్పుడు చేత్తో అడుగు దాకా తడిమి చూడాలి.

ఎద్దు కడుపుకు చెప్పిన నత్రజని మాటే పెంటకుప్పకూ, పొలానికీ వర్తిస్తుంది.

సూక్ష్మజీవి భోజనంలో కర్బనం, నత్రజని 24కు 1 చొప్పున ఉంటే దానికి సరిపోతుంది. ఆ 24లో 16 పాళ్లు శక్తి కోసం ఖర్చయి బొగ్గుపులుసు వాయువుగా పోతాయి, 8 పాళ్లు ఒంటికి పడతాయి. వరిగడ్డిలో ఈ నిష్పత్తి 65, 70 దాకా ఉంటుంది. టన్ను గడ్డిలో కర్బనం 400 కిలోలు, నత్రజని 6 కిలోలు. కుప్ప వేసేటప్పుడు 30కి 1 దగ్గరికి తెస్తే పని నడుస్తుంది. అందుకు 13 కిలోల నత్రజని ఉండాలి, 7 కిలోలు తక్కువ. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి ఉత్త యూరియాతో నింపాలంటే 15 కిలోలు. మూత్రంతో తడిసిన కొట్టం చెత్త, పెండనీళ్లు ధారాళంగా కలిపితే 5 కిలోల యూరియా సరిపోతుంది.

ఈ 7 కిలోలు మనం ఇవ్వకుంటే అవి ఎక్కడి నుంచో తెచ్చుకుంటాయి. నేలలోంచి. గడ్డి కలియదున్ని వెంటనే నాటిన మడి రెండు మూడు వారాలు పసుపుగా నిలిచిపోయేది దానివల్లే. పైరు, సూక్ష్మజీవి ఒకే కంచానికి కూర్చుంటే సూక్ష్మజీవే ముందు తింటుంది. నత్రజని పోలేదు, వాటి ఒంట్లో ఉంది. అవి చచ్చాక తిరిగి పైరుకు వస్తుంది. కానీ పిలకలు వేసే రోజులు అప్పటికి దాటిపోతాయి. గడ్డి కలిపితే దిగుబడి తగ్గిందని చెప్పే రైతు అబద్ధమాడటం లేదు. నత్రజని, సమయం, ఈ రెండింట్లో ఏదో ఒకటి ఇవ్వలేదు, అంతే.

మడిలో చేయాల్సింది

యాసంగి వరి కోసింది మొదలు వానాకాలం నాట్ల దాకా రెండు నెలలు ఉంటుంది. ఆ సందులో గడ్డి కాల్చడానికి నాకు ఒక్క కారణం కనబడదు. తొలకరికి రోటవేటర్‌తో గడ్డిని నలిపి కలిపేస్తే, పైన జీలుగ చల్లుకుని 40, 45 రోజులకు పూత దశలో దాన్నీ దున్నేస్తే, పచ్చిరొట్టలోని నత్రజని గడ్డి కర్బనానికి జత కుదురుతుంది.

కష్టం వానాకాలం కోతలకూ యాసంగి నాట్లకూ మధ్య వస్తుంది. నెల రోజులు దొరికితే ఎక్కువ. పైగా అది చలికాలం, సూక్ష్మజీవి నెమ్మదిస్తుంది. వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి వేగం సుమారు సగమవుతుంది. ఇక్కడ చేయగలిగినది ఇది. కోసిన వెంటనే, మడిలో పదును ఆరకముందే గడ్డిని మల్చర్‌తో గాని రోటవేటర్‌తో గాని ముక్కలు చేయాలి. ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 20 నుంచి 25 కిలోల యూరియా చల్లి కలియదున్నాలి. ఈ యూరియా అదనం కాదు, పంటకు వేయబోయే మోతాదులోంచి ముందుకు జరిపింది. తర్వాత పది పదిహేను రోజులు నీళ్లు నిలపకుండా, పదును మాత్రమే ఉండేట్టు చూడాలి. కరిగెట దున్నేది ఆ తర్వాత. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గడ్డి కలిపిన రోజే నీళ్లు కట్టేస్తారు.

నీళ్లు నిలిపితే నేలలోని ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తిండి మాత్రం బోలెడు ఉంది. అప్పుడు సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు నైట్రేట్‌ను, అది అయిపోయాక మాంగనీసును, ఇనుమును, ఆపై సల్ఫేట్‌ను వాడుకుంటాయి. సల్ఫేట్ వంతు వచ్చిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మడిలో కాలు పెడితే లోతుకు దిగబడుతుంది, బుడగలు లేస్తాయి, కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది. మొక్క పీకి చూస్తే వేర్లు నల్లగా ఉంటాయి, నేలలోని ఇనుముతో సల్ఫైడ్ కలిసిన నలుపు అది. పిలకలు రావు. ఇది చూసి యూరియా ఇంకో సంచి వేస్తారు, వేరు పనిచేయనప్పుడు అది ఎవరికి అందుతుంది? నీళ్లు తీసేసి సన్నటి నెర్రెలు వచ్చేదాకా నాలుగైదు రోజులు ఆరబెట్టాలి. తెల్ల వేర్లు కొత్తగా కనబడ్డాకే పలచగా నీళ్లు, ఆపైనే ఎరువు. మురుగు దిగని మడిలో గంధకం ఉన్న ఎరువులు తగ్గించుకోవడం మేలు, పైన చెప్పిన సూపర్ ఫాస్ఫేట్ కూడా వాటిలో ఒకటే. ఆకుల మీద ఇటుకరంగు మచ్చలు ఉంటే అది జింకు లోపం, లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ వేరే చేయాలి.

నాట్లకు రెండు వారాల వ్యవధి కూడా లేనివాళ్లు గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించి బయటికి తీసి, కొయ్యకాళ్లు మాత్రం కలియదున్నుకోవడం మంచిది. అన్ని మడుల్లో అంతా కలపాలని పట్టుబట్టడం సరికాదు.

బూడిదలో పొటాష్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ గడ్డిలోని పొటాష్ దేనికీ ముడిపడి ఉండదు, నీళ్లలో కరిగే రూపంలోనే ఉంటుంది. గడ్డి కుళ్ళకముందే, రెండు తడులకే చాలా భాగం నేలలోకి దిగిపోతుంది. దానికోసం అగ్గి అక్కర్లేదు. అగ్గి పెడితే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది, బూడిద గాలికి కొంత, కాల్వ నీళ్లకు కొంత పోతుంది. ఇంకో పక్క, కాలిస్తే నేలలో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయని భయపెట్టే ప్రచారం కూడా ఉంది. అదీ అతిశయమే. గడ్డి మంట వేడి పై ఒకటి రెండు అంగుళాలు దాటి పెద్దగా దిగదు, చచ్చినవాటి చోటికి కింది నుంచి కొత్తవి వస్తాయి. వచ్చినవాటికి తినడానికి ఏమీ ఉండదు. నష్టం అది.

పత్తి కట్టె

పత్తి కట్టె వరిగడ్డి కాదు. దాని బరువులో పావు వంతు లిగ్నిన్. సెల్యులోజ్ చుట్టూ సిమెంటు పోసినట్టు ఉండే పదార్థమిది, చెట్టు నిలబడేది దీనివల్ల. దీన్ని పూర్తిగా విప్పగలిగేది తెల్లకుళ్ళు శిలీంధ్రాల జాతి, దానికీ ఆక్సిజన్ తప్పనిసరి. మరొకరు చెదలు. మన నేలల్లో పుట్టలు కట్టే చెదలు కట్టెను నమిలి పెంటగా వేసి, దాని మీద పుట్ట లోపల శిలీంధ్రాన్ని సాగు చేసి, శిలీంధ్రం మెత్తబరచిన దాన్ని మళ్లీ తింటాయి. తొలకరికి పుట్టల మీద లేచే గొడుగులు ఆ సాగువే. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో టేకు ఆకుల గుట్టలు ఏటికేడు ఎవరూ ఎత్తకుండానే మాయమవడంలో వీటి పాలు చాలా ఉంది.

కట్టె కాల్చేవాళ్ల వాదనలో ఒకటి బలమైనది. గులాబీ రంగు పురుగు. చివర మిగిలిన కాయల్లో, సరిగా విచ్చుకోని గుడ్డి పత్తిలో ఆ పురుగు దాగి ఉంటుంది. కట్టెను చేను పక్కన కుప్ప పెట్టి జూన్ దాకా ఉంచితే మళ్లీ పత్తి మీదికి వస్తుంది. అందుకని కట్టెను జనవరి దాటనీయకుండా తీసేయడం తప్పనిసరి. తీయడం తప్పనిసరి, కాల్చడం కాదు. ష్రెడర్‌తో రెండు అంగుళాల ముక్కలు చేస్తే పురుగు చాలావరకు నలిగిపోతుంది. మిగిలినది కుప్ప వేడికి చస్తుంది.

కుప్ప ఆరడుగుల వెడల్పు, నాలుగైదు అడుగుల ఎత్తు, పొడవు మన ఇష్టం. మూడడుగుల కంటే చిన్నదైతే వేడి నిలవదు. అడుగు మందం కట్టె ముక్కలు, పైన పెండనీళ్లు, యూరియా, మళ్లీ కట్టె. నీళ్లు ఎన్ని? కుప్పలో తడి 60 శాతం ఉండాలంటే కిలో ఎండు కట్టెకు కిలోన్నర నీళ్లు. టన్నుకు 1,500 లీటర్లు! డ్రమ్ముడు నీళ్లు చల్లి కుళ్ళలేదనే మాట ఎందుకు వస్తుందో ఈ అంకె చెబుతుంది. ఎండు కట్టె ఒక్కసారి పోస్తే పీల్చదు, పోసింది అడుగు నుంచి పారిపోతుంది. మూడు రోజులు పూటకింత తడపాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే ఎక్కువైంది.

సరిగ్గా పడితే నాలుగో రోజుకల్లా లోపల 55 నుంచి 65 డిగ్రీలు ఎక్కుతుంది. ఇనుప చువ్వ మధ్యకు గుచ్చి పది నిమిషాలాగి తీస్తే చేత్తో పట్టుకోలేరు. ఆ వేడి ఎక్కడిది? ఆ 16 పాళ్ల కర్బనం ఖర్చులో కణానికి పట్టని భాగం అది. పరిగెత్తినవాడి ఒళ్లు వేడెక్కినట్టే. వేడి మధ్యలో ఉంటుంది, అంచుల్లో ఉండదు, పురుగు అంచుల్లో బతికిపోతుంది. కాబట్టి పది పన్నెండు రోజులకు మొదటిసారి తిప్పేటప్పుడు బయటిది లోపలికి, లోపలిది బయటికి వెళ్లేట్టు తిప్పాలి. తర్వాత పదిహేను ఇరవై రోజులకోసారి మూడుసార్లు. వరిగడ్డి రెండు నెలల్లో, పత్తి కట్టె మూడు నాలుగు నెలల్లో నల్లబడి మట్టి వాసన పడుతుంది. బరువు సగానికి సగం తగ్గుతుంది, తగ్గిందంతా తినేవాళ్లు తిన్నదే.

ముక్కు చాలా సంగతులు చెబుతుంది. కళ్లు మండే అమ్మోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువైంది, పొడి కట్టె కలపాలి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి లేదు, తిప్పాలి. ఏ వాసనా లేదు, వేడీ లేదంటే నీళ్లో, నత్రజనో తక్కువ, లేదా కుప్ప చిన్నది. మధ్యలో బూడిద చల్లినట్టు తెల్లగా, పొడిగా ఉంటే ఆక్టినోమైసిటీస్ అనే పోగుల్లాంటి బ్యాక్టీరియా బాగా తిని వేడికి నీళ్లు ఆరిపోయాయి, తడిపి తిప్పాలి. తొలివాన పడగానే వచ్చే మట్టి వాసనా ఈ జాతి పుట్టించిందే.

ఇదే గడ్డి మనిషి కంచంలోకి కూడా వస్తుంది, ముత్యపు చిప్ప పుట్టగొడుగుగా. రెండు మూడు అంగుళాల ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచి, ఆరబోసి, సంచిలో పొరలుగా విత్తనం చల్లి కట్టడం. విత్తనం తడిగడ్డి బరువులో 3 నుంచి 5 శాతం. చీకటి గదిలో పదిహేను ఇరవై రోజులకు సంచి తెల్లబడుతుంది. వేడినీటి పని ఎందుకంటే పోటీని తగ్గించడానికి. సరిగ్గా వేడి పట్టకపోయినా, తడి ఎక్కువైనా ట్రైకోడెర్మా పచ్చబూజు ముందుగా వచ్చి తినేస్తుంది. కాడ పొడుగై గొడుగు చిన్నదైతే గదిలో గాలి ఆడటం లేదు. కిలో ఎండుగడ్డికి ముప్పావు కిలో అటూఇటూ పచ్చి పుట్టగొడుగులు. వరంగల్ ఎండాకాలంలో ఇది నడవదు, 30, 35 డిగ్రీలు తట్టుకునే పాల పుట్టగొడుగు వేసుకోవాలి. తీసేసిన గడ్డి సగం మెత్తబడి ఉంటుంది, నేరుగా పెంటకుప్పకు.

చివరగా ఒక మంచి ప్రశ్న. కాల్చినా కర్బనం గాలిలోకే పోతుంది, కుళ్ళినా చాలావరకు గాలిలోకే పోతుంది, తేడా ఏమిటి? మన వేడికి గడ్డి కర్బనంలో ఎక్కువ భాగం ఏడాదిలో పోతుంది, నిజం. లెక్క దాచాల్సిన పని లేదు. ఎకరం పొలంలో పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. సేంద్రియ కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం నిలవాలి. ఎకరం గడ్డిలో ఉన్నది వెయ్యి కిలోలు, అందులో 15 శాతం నిలిచిందనుకుంటే ఏడాదికి 150. ఆరేళ్లు పడుతుంది, ఉన్నది తరగకపోతే. భూసార పరీక్ష కార్డులో 0.5 లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అంటారు. చెల్క నేలల్లో 0.5 దాటించడానికే ఏళ్లు పడుతుంది. ఒక్క పంటకు అద్భుతం జరుగుతుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

కానీ ఆ పోయే 85 శాతం ఊరికే పోదు. మంట అరగంటలో ఆకాశానికి ఇచ్చేసే శక్తితో సూక్ష్మజీవులు ఏడాది పొడుగునా పని చేస్తాయి. మట్టి రేణువులను కట్టిపడేసే జిగురు వాటి ఒంటి నుంచి, శిలీంధ్ర పోగుల నుంచి వస్తుంది. ఆ జిగురు ఉంటేనే చెల్క నేల వానకు అట్టకట్టదు. వానపాము తినేదీ ఈ మెత్తబడ్డ గడ్డినే, దానిమీది సూక్ష్మజీవులనే.

ఏ పొలంలో తినేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. పాత కాటన్ బనీన్లు రెండు తీసుకోండి, కుట్టు దారం ఏదైనా బట్ట మాత్రం నూటికి నూరుపాళ్లు నూలుది. నూలు అంటే దాదాపు ఉత్త సెల్యులోజ్, మన పత్తే. ఒకటి కాల్చిన మడిలో, ఒకటి గడ్డి కలిపిన మడిలో మూడంగుళాల లోతున పరిచి, కట్టె పాతి గుర్తు పెట్టి, పదును ఆరకుండా చూస్తూ రెండు నెలలు వదిలేయండి. ఒకే రోజు పూడ్చి ఒకే రోజు తీయాలి, రెండు చోట్లా తడి ఒకేలా ఉండాలి. తీసినప్పుడు మట్టి దులపకుండా మెల్లగా నీళ్లలో ముంచి చూడండి. బాగా తిన్న నేలలో పాలియెస్టర్ దారం కుట్టు, మెడ దగ్గరి కంపెనీ పట్టీ మాత్రం చేతికి వస్తాయి.